కాటుకకి ఇల్లు కావాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం శివార్లలో ఉన్న మా చిన్న షెల్టర్లో కాటుక అనే నల్ల కుక్క ఉంది. దాని ఫొటో వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, ఒక్కోసారి విశాఖ నుంచి కూడా ఫోన్లు వస్తాయి. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాం. మొత్తం చదివాక ఫోను చెయ్యండి. సగం చదివి చేసినవాళ్ళు రెండో మాటకే మాకు తెలిసిపోతారు.

కాటుక ఎలా ఉంటుంది? వయసెంత?

ఆడకుక్క. సుమారు ఆరేళ్ళు. పళ్ళు చూసి డాక్టరుగారు వేసిన అంచనా అది, అసలు పుట్టినరోజు ఎవరికీ తెలీదు. జాతి అడక్కండి, మన వీధుల్లో పుట్టిన నాటు కుక్క. ఒళ్ళంతా నలుపు, ఛాతీ మీద మాత్రం అరచెయ్యంత తెలుపు. మూతి చుట్టూ నెరుపు మొదలైంది. హైవే మీద ఏదో బండి గుద్ది వెనక ఎడమ కాలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ కొంచెం వంకరగా అతుక్కుంది. నడుస్తుంది, పరిగెడుతుంది, మెట్లు ఎక్కుతుంది. దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆలోచించుకుంటుంది. చెవి కొస కత్తిరించి ఉండడం చూసి గాయమనుకోకండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయిందనడానికి అది గుర్తు. వీధికుక్కలకి ఆపరేషను చేసినప్పుడు దూరం నుంచి పోల్చుకోవడానికి అలా కత్తిరిస్తారు.

అంత మంచిదైతే ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు తీసుకెళ్ళలేదు?

ఆదివారం పూట జనం వస్తారు. గేటు తియ్యగానే కుక్కపిల్లలు కాళ్ళకి చుట్టుకుంటాయి, వేళ్ళు నాకుతాయి, పిల్లలు కేరింతలు కొడతారు. ఆ సందడి వినగానే కాటుక సిమెంటు తొట్టి వెనక్కి పోయి, అంచు మీద గడ్డం ఆనించి చూస్తూ ఉంటుంది. వచ్చినవాళ్ళు ఉండేది గంట. కాటుక తొట్టి వెనక నుంచి బయటికి రావడానికే గంట పడుతుంది.

దానికి తోడు రంగు. నల్ల కుక్కని ఫోనులో ఫొటో తీస్తే మసిగుడ్డ మీద రెండు మెరుపు చుక్కల్లా వస్తుంది, ముఖంలో ఏముందో కనపడదు. పొద్దున్నే, ఎండ ముదరకముందు, లేత రంగు గోడ ముందర, మనం నేల మీద కూర్చుని దాని కళ్ళ ఎత్తున తీస్తేనే కాటుక కాటుకలా కనిపిస్తుంది. ఇప్పుడు తిరుగుతున్న ఫొటో అలా తీసిందే.

ఇక నమ్మకాల సంగతి. నల్ల కుక్క ఇంట్లో ఉంటే అరిష్టమనేవాళ్ళు ఒక రకం. నల్ల కుక్కకి శనివారం రొట్టె పెడితే శనిదోషం పోతుందని సిద్ధాంతిగారు చెప్పారంటూ వచ్చేవాళ్ళు ఇంకో రకం. ఈ రెండోవాళ్ళు భక్తిగా వస్తారు, రొట్టె పెడతారు, దండం పెట్టుకుంటారు, వెళ్ళిపోతారు. దోషం పోయిందో లేదో గానీ కుక్క మాత్రం ఎక్కడిదక్కడే.

ఆడకుక్క అనగానే "ఏడాదికి రెండు ఈతలు, ఎవరు పడతారండీ" అంటారు. ఆపరేషను అయిందని చెప్పినా సరే, మగదే కావాలంటారు. లేదా లాబ్రడార్ ఉందా, హస్కీ ఉందా అని అడుగుతారు. వైశాఖంలో మనుషులే తట్టుకోలేని మన ఎండల్లో హస్కీని పెంచాలన్న సరదా ఏమిటో మాకైతే బోధపడలేదు.

అంటే మనుషుల దగ్గరికి రాదన్నమాట?

వస్తుంది, దాని పద్ధతిలో. మీరు దాని వైపు నడిస్తే పోతుంది. మీరు కింద కూర్చుని, పక్కకి తిరిగి, మీ పని మీరు చేసుకుంటే వస్తుంది. సాయంత్రం మేం ఆవరణ ఊడుస్తుంటే చీపురుకి రెండు బారల దూరంలో వెనకాలే తిరుగుతుంది. చీపురు ఆగితే తనూ ఆగుతుంది. అన్నంలో గుడ్డు కలిపి పెడితే ముందు గుడ్డు ముక్కలు ఏరుకుని తిని వెళ్ళిపోతుంది, మిగతా కుక్కలు పడుకున్నాక తీరుబడిగా వచ్చి అన్నం తింటుంది. చేత్తో ఇస్తే తీసుకుంటుంది గానీ మీరు మొహం అటు తిప్పుకోవాలి. అలవాటైన మనిషైతే వచ్చి, వంకర కాలు ఉన్న వైపు నడుముని ఆ మనిషి మోకాలికి ఆనించి నిలబడుతుంది. తోక ఊపడం, మీద పడి నాకడం ఉండవు. కావలసినవాళ్ళని అది గుర్తు పట్టే తీరు అంతే.

స్టీలు పళ్ళెం కింద పడిన చప్పుడంటే దానికి ప్రాణం మీదికొస్తుంది. వంటగదిలో గిన్నెలు విసిరే అలవాటున్న ఇంటికి ఇవ్వం. ఇది నవ్వుతాలుకి అంటున్న మాట కాదు.

ఒకసారి ఎవరికో ఇస్తే వెనక్కి ఇచ్చేశారట, నిజమేనా?

నిజమే. దాయడం ఎందుకు? తీసుకెళ్ళినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మొదటి వారమంతా అది మంచం కింద నుంచి రాలేదు, కొత్తవాళ్ళు వచ్చినా మొరగలేదు. "ఇదేం కుక్కండీ, బొమ్మలా ఉంది" అని తెచ్చి దింపేశారు. వచ్చాక చాలా రోజులు తిండి సరిగ్గా ముట్టలేదు. అందుకే ఈసారి మేం కొంచెం గట్టిగా మాట్లాడుతున్నాం. ఫొటో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు చాలామందే దొరుకుతారు. ఆ జాలి పదిరోజులకి ఆవిరైపోతుంది. మాకు కావలసింది మూడో వారంలో కూడా మంచం కిందకి పళ్ళెం నెట్టి, ఏమీ అనకుండా వెళ్ళి తమ పని చూసుకునే మనిషి.

తోటకి, గోడౌనుకి కాపలాగా పనికొస్తుందా?

రాదు. కాపలాకి కావాలంటే ఇవ్వం. జీడితోటలో చెట్టుకి గొలుసు వేసి కట్టి, రెండు పూటలా అన్నం పడేస్తే చాలనుకునేవాళ్ళు దయచేసి ఫోను చెయ్యొద్దు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. కరుస్తుందా?

మా దగ్గర ఇంతవరకూ ఎవర్నీ కరవలేదు. అయినా ఏ కుక్క గురించీ "ఎప్పటికీ కరవదు" అని రాసివ్వలేం. భయపడే కుక్కని మూలకి నెట్టి, మీద వాలి, తోక లాగితే ఏదో ఒకరోజు పళ్ళు చూపిస్తుంది. అందుకే కాటుకని ఎనిమిదేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వకూడదని అనుకున్నాం. ఆ పైబడ్డ పిల్లలైతే మూడు మాటలు నేర్పండి: తినేటప్పుడు ముట్టుకోకూడదు, పడుకున్నప్పుడు లేపకూడదు, మంచం కిందకి దూరితే వదిలెయ్యాలి.

రేబిస్ సంగతి కూడా చెప్పాలి. కాటుకకి టీకా ఏటా వేయిస్తున్నాం, కార్డు మీ చేతికిస్తాం, ఆ తర్వాత ఏటా మీరు వేయించాలి. కొన్ని వందల రూపాయల్లో అయిపోయే పని. ఏ కుక్క కరిచినా, గీరినా, టీకా వేసిన కుక్కే అయినా, పుండుని సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏవీ అద్దకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. బరంపురంలోవాళ్ళకి ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉండనే ఉంది. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి వైద్యం లేదు గనక "చూద్దాంలే" అనే మాట ఇక్కడ పనికిరాదు.

రోగాలేమైనా ఉన్నాయా?

ఇప్పుడు లేవు. వచ్చిన కొత్తలో జననాంగం దగ్గర గడ్డ ఉండేది. వీధికుక్కల్లో కలయిక వల్ల ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే ఒక రకం కాన్సరు అది. పేరు విని గుండె గుభేలుమంటుంది గానీ, ఇది మందుకి బాగా లొంగే రకం. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షను కొన్ని వారాలు ఇస్తే గడ్డ కరిగిపోయింది. మనుషులకి అంటదు. ఆపరేషను కూడా అయిపోయింది గనక గర్భసంచిలో చీము పట్టే జబ్బు గురించి కూడా బెంగ లేదు.

మీరు చూసుకోవలసింది పిడుదుల సంగతి. ఈ తడి వాతావరణంలో అవి ఎక్కడినుంచైనా ఎక్కుతాయి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద వారానికోసారైనా వెతకండి. కుక్క తిండి మానేసి, ఒళ్ళు కాలుతూ, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కులోంచి నెత్తురు కారినా అది పిడుదుల జ్వరం కావచ్చు. ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వెయ్యకండి. ఇబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు పెడతాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి.

చలికాలం పొద్దున్నపూట వంకర కాలు బిగుసుకుంటుంది. గచ్చు మీద కాకుండా గోనెసంచి మీదో పాత దుప్పటి మీదో పడుకోబెడితే సరిపోతుంది.

మా నాయనమ్మగారు మడి కట్టుకుంటారు. కుక్క ఇంట్లో తిరిగితే ఊరుకోరు. ఎలా?

ఇది బడాబజారు వైపు ఇళ్ళనుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న. ముందు గది, నడవ, వెనక పెరడు వరసగా ఉండే పొడుగు ఇళ్ళవి. ఒకరికి తెలీకుండా ఒకరు ఏదీ పెంచలేరు. ముందు ఆవిణ్ణి అడగండి. అడక్కుండా కుక్కని తెచ్చి "ఎలాగోలా అలవాటు పడుతుందిలే నాయనమ్మ" అనుకునే ఇంటికి ఇవ్వడానికి మాకు ధైర్యం చాలదు. కాటుకకి గడప దాటొద్దని నేర్పడం తేలికే. దేవుడి గదికి, వంటింటికి అడ్డంగా ఒక బల్ల పెట్టి, అటు వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి పంపి, ఇవతల ఉన్నప్పుడు ఏదైనా పెడుతూ ఉంటే నేర్చుకుంటుంది. పెద్దావిడ ఒప్పుకోకపోతే మాత్రం ఈ కుక్క మీ ఇంటికి కాదు. మేం తప్పు పట్టుకోం.

అద్దె ఇల్లు. అపార్ట్‌మెంటు. పరవాలేదా?

పరవాలేదు, ఇంటి యజమాని సరేనన్నట్టు ఒక కాగితం రాయించుకుంటే. నోటిమాట చాలదు. కుక్క మొదటిసారి గుమ్మంలో ఉచ్చ పోసిన రోజున నోటిమాట గుర్తుండదు. అపార్ట్‌మెంటు సంఘంవాళ్ళు కుక్కలు పెంచకూడదని తీర్మానం చేశామంటే, అలా నిషేధించే అధికారం సంఘాలకి లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అలాగని ఆ కాగితం పట్టుకుని పక్కింటివాళ్ళతో తగవుకి దిగకండి. తాడు పట్టి తిప్పి, దొడ్డికెళ్ళింది ఎత్తేస్తే చాలావరకు గొడవలు ఉండవు.

లిఫ్టు లేని మూడో అంతస్తు అయితే దాని కాలిని బట్టి ఆలోచించాలి. కింది అంతస్తు, చిన్న పెరడు ఉంటే మేలు.

ఏం పెట్టాలి?

మీరు తినేదాంట్లో ఉప్పూ కారం పడకముందు తీసింది. అన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడిమాంసం, కార్జం, గుమ్మడికాయ, కారట్. ఎముకలు ఉడికించి పెట్టకండి, ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుల్లో దిగుతుంది. ఎండు చేపలంటే ప్రాణమిస్తుంది గానీ ఆ ఉప్పు దానికి మంచిది కాదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ విషంతో సమానం. పాలు చాలా కుక్కలకి పడవు, విరేచనాలవుతాయి. ఎండాకాలం మీరు పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం) తింటుంటే అది కూడా వచ్చి కూర్చుంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిరప వెయ్యకముందు ఓ గుప్పెడు పెడితే నష్టం లేదు. శాకాహారుల ఇల్లయితే గుడ్డయినా పెడతారా లేదా ముందే చెప్పండి.

మొదటి రోజుల్లో ఏం జరుగుతుంది?

కుక్కలు పెంచేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకి ఇంటి వరస తెలియడం, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకోవడం. కాటుక విషయంలో ఒక్కో దానికీ ఇంకొంచెం కలుపుకోండి. మొదటి వారం చుట్టాల్ని పిలవకండి. స్నానం చేయించకండి. దానికంటూ ఒక మూల చూపించండి, అక్కడికి ఎవరూ వెళ్ళకూడదు. బయటికి తీసుకెళ్తే మెడపట్టీ ఒక్కటే కాదు, ఛాతీకి కూడా పట్టీ వెయ్యాలి. భయపడ్డ కుక్క తల వెనక్కి లాగితే మెడపట్టీ ఊడి చేతికొస్తుంది. పారిపోయిన కుక్కల్లో చాలావరకు ఇలా పోయినవే. మెడపట్టీకి మీ ఫోను నంబరు రాసిన బిళ్ళ మొదటి గంటలోనే కట్టండి.

దీపావళికి రెండు వారాల ముందు నుంచీ, బరంపురంలో ఠాకురాణి యాత్ర జరిగే నెలలోనూ కాటుకని ఎవరికీ పంపించం. రెండేళ్ళకోసారి వచ్చే ఆ యాత్రలో డప్పులు, పులివేషాలు, అర్ధరాత్రి ఊరేగింపులు మనకి పండగ. కొత్త ఇంట్లో కొత్తగా అడుగు పెట్టిన కుక్కకి ప్రళయం.

ఇంట్లో ఇంకో కుక్క ఉంది. పిల్లి ఉంది. కోళ్ళున్నాయి.

నెమ్మదైన మగకుక్క ఉంటే ఇంకా మంచిది, దాన్ని చూసి ఇది ధైర్యం తెచ్చుకుంటుంది. పిల్లుల్ని పట్టించుకోదు. కోళ్ళున్న ఇంటికి వద్దు, అనుభవం మీద చెబుతున్న మాట.

దానికి తెలుగు వచ్చా?

ఒడియాలో "ఆ" అన్నా, తెలుగులో "రా" అన్నా ఒకటే, రావాలనిపిస్తే వస్తుంది. మాటకంటే చేతి సైగ బాగా పట్టుకుంటుంది.

మాది విశాఖ. రైల్లో తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళొచ్చు. ఫస్ట్ ఏసీలో క్యాబిన్ మొత్తం మీ పేరున తీసుకుంటేనే కుక్క మీతో ఉంటుంది. లేకపోతే పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు వ్యాన్‌లో ఉన్న పెట్టెలో ఎక్కించాలి. కాటుకని ఆ పెట్టెలో పంపడానికి మాకు మనసొప్పదు. కారులోనే రండి. ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్ల దూరమే, విశాఖ అయితే రెండొందల యాభై పైమాటే. తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదిరేలోపు చేరతారు. బయల్దేరే ముందు నాలుగు గంటలు తిండి పెట్టకూడదు, నీళ్ళు పెట్టొచ్చు. దారిలో టిఫినుకి దిగి కుక్కని అద్దాలు మూసిన కారులో వదలకండి. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పి వేడి దించుకుంటుంది. మూసిన కారులో ఆ రొప్పడం సరిపోక నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. ప్రయాణానికి తగినట్టు ఉందని పశువుల డాక్టరుగారి సర్టిఫికెట్ మేం ఇప్పిస్తాం.

తుపాను వస్తే?

2013లో పైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస వైపు దాటి, గజపతి జిల్లా కొండల దాకా ముంచేసింది. రెండూ అక్టోబరులోనే. మన వైపు కుక్కని పెంచేవాళ్ళు దసరా రోజుల్లో ఈ సంగతి కూడా ఆలోచించుకోవాలి. గొలుసుతో కట్టి వదిలి వెళ్ళకూడదు, నీళ్ళు పెరిగితే అది ఈదనైనా ఈదలేదు. తుపాను షెల్టరులోకి కుక్కని రానివ్వకపోతే ఎవరింట్లో పెడతారో ముందే అనుకుని ఉంచండి. మీతో తెచ్చుకోలేని పరిస్థితి వస్తే కనీసం విప్పి వదలండి. మా ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది, ఖాళీగా వదిలితే మళ్ళీ అడుగుతాం.

డబ్బు కట్టాలా? ఏం రాయించుకుంటారు?

ఒక్క రూపాయి తీసుకోం. ఆధార్ నకలు, ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టు సంతకాలు, ఒక ఒప్పందం. అందులో ముఖ్యమైన మాట ఒక్కటే: ఉంచుకోలేని పరిస్థితి ఎప్పుడొచ్చినా, అది ఐదేళ్ళ తర్వాతైనా, మాకే తిరిగి ఇవ్వాలి. వేరేవాళ్ళకి ఇవ్వకూడదు, ఏ హైవే పక్కనో దింపకూడదు. ఆకలికి, దాహానికి మాడేలా జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి ఆ చట్టంలో రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు! ఆ యాభై రూపాయల్ని చూసి ఎవరూ భయపడరని తెలుసు గనకే మేం చట్టం కంటే మీ ఇంటివాళ్ళని ఎక్కువ ప్రశ్నలు అడుగుతాం.

ఇచ్చాక ఇంటికొచ్చి చూస్తారా?

మొదటి నెలలో ఒకసారి, చెప్పే వస్తాం. ఆ తర్వాత ఫొటో పంపితే చాలు. టీ ఇస్తే తాగుతాం.

ఇంకెన్నేళ్ళు బతుకుతుంది?

బాగా చూసుకుంటే నాటు కుక్కలు పన్నెండు, పద్నాలుగేళ్ళు బతుకుతాయి. ఇంకో ఆరేడేళ్ళు అనుకోండి. ఇంటర్ చదివే మీ అబ్బాయికి కుక్క కావాలంటున్నాడా? ఆ ఆరేడేళ్ళలో వాడు ఏ హైదరాబాదో బెంగుళూరో వెళ్ళిపోతాడు. అప్పుడు కుక్కని చూసేది మీరే. మీకు ఇష్టమైతేనే తీసుకోండి.

తీసుకోలేం గానీ ఏదైనా చెయ్యాలనుంది.

వారంలో ఒక సాయంత్రం వచ్చి, ఆవరణలో కూర్చుని, ఏదైనా పుస్తకం పైకి చదువుకోండి. కాటుకకి కొత్త గొంతులు అలవాటు కావాలి. నెలా రెండు నెలలు తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకోగలిగితే మరీ మంచిది. ఇంటి చప్పుళ్ళకి అలవాటు పడ్డ కుక్కకి శాశ్వతంగా ఇల్లు దొరకడం తేలిక. పాత దుప్పట్లు ఎప్పుడైనా పనికొస్తాయి. రొట్టెలు చాలు, శనివారాలు బోలెడు వస్తున్నాయి.

సరే, చూడ్డానికి వస్తాం. ఎప్పుడు, ఎలా రావాలి?

ఆదివారం కాకుండా మామూలు రోజు, సాయంత్రం నాలుగు తర్వాత, ముందు ఫోను చేసి. ఇద్దరికి మించి రావద్దు. అత్తరు, సెంటు కొట్టుకోకండి. కనీసం రెండు గంటలు చేతిలో పెట్టుకుని రండి. ఆ రోజే తీసుకెళ్ళడం ఉండదు, మూడుసార్లైనా వచ్చి వెళ్ళాలి. ఉడికించిన గుడ్డు ఒకటి తెచ్చుకోండి, పెంకు ఇంటి దగ్గరే ఒలిచి. తొట్టికి ఎదురుగా కాకుండా పక్కగా ఒక పీట వేస్తాం, అక్కడ కూర్చోండి.